పదకొండో అంకె కాపలా

రైల్వే గేటు పడగానే మీ వయసువాళ్లు ఏం చేస్తారో నాకు తెలుసు. రెండుసార్లు హారన్ కొడతారు, గేటుమన్‌ని ఓ మాట అనుకుంటారు, ఆ తర్వాత ఫోను తీస్తారు. నేనైతే మా ఆయన స్కూటరు మీంచి దిగి గేటు కర్ర దాకా వెళ్లి నిలబడతాను. వచ్చేది ప్యాసింజరు అయితే నిరాశే. గూడ్సు అయితే, అందులోనూ సిగ్నలు దొరక్క ఈడ్చుకుంటూ పోయే గూడ్సు అయితే, నాకు పండగ. ప్రతి పెట్టె మీదా తెల్ల రంగుతో పదకొండు అంకెల నంబరు రాసి ఉంటుంది. దాన్ని చదివి, మనసులో కూడి, "సరిపోయింది" అనుకుంటాను. తర్వాతి పెట్టె వస్తుంది. సరిపోయింది. "జీతం ఆపేసి ఏళ్లయింది, నీ డ్యూటీ మాత్రం ఆగలేదు" అని మా ఆయన వెనకనుంచి దెప్పుతూనే ఉంటాడు.

ఈ పిచ్చి నాకు ఉద్యోగంలో పట్టింది. చీపురుపల్లికి అటో ఇటో ఉన్న ఒక స్టేషనులో నేను గుమస్తాని. స్టేషను పేరు చెప్పను, మనుషుల పేర్లూ చెప్పను. అందరూ మంచివాళ్లే గానీ, మంచివాళ్లకి కూడా పుస్తకంలో పడటం ఇష్టం ఉండదు. గూడ్సు బండి వచ్చి ఆగితే, మొదటి పెట్టె నుంచి ఆఖరి పెట్టె దాకా కంకర మీద నడుచుకుంటూ వెళ్లి నంబర్లు రాసుకుని రావడం నా పని. వచ్చి వాటిని కంప్యూటరులో ఎక్కించాలి. రామతీర్థం దగ్గర పల్లెలో పుట్టినదాన్ని, నడకకి భయపడేదాన్ని కాదు. కానీ చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని రైలు పక్కన నడుస్తుంటే మొదట్లో షెడ్డులో హమాలీలు పని ఆపి చూసేవారు. "ఓలమ్మ, ఆడకూతురు రైలు పెట్టెలు లెక్కెడతన్నాదిరా" అని ఒకడు అంటే, "మన జీతాలు కూడా ఆ అమ్మే లెక్కెడితే బాగుణ్ణు" అని ఇంకొకడు అనేవాడు. కొన్నాళ్లకి అలవాటైపోయారు.

నేను చెప్పబోయేది ఈ పదకొండు అంకెల నంబర్లు వచ్చిన కొత్తల్లో జరిగింది. అంతకుముందు నంబర్లు పొట్టిగా ఉండేవి, ఒకటి తప్పు రాస్తే పట్టుకునే దిక్కు ఉండేది కాదు. కొత్త నంబర్లలో ఒక తమాషా పెట్టారు. మొదటి పది అంకెలూ పెట్టె గురించి చెబుతాయి: ఏ రకం పెట్టె, ఏ రైల్వేది, ఏ సంవత్సరం తయారైంది, దాని వరస ఎంత. పదకొండో అంకె మాత్రం ఏమీ చెప్పదు. అది కాపలా. ఎడమనుంచి రెండో, నాలుగో, ఆరో, ఎనిమిదో, పదో అంకెలు కూడి దాన్ని మూడింతలు చెయ్యాలి. మొదటి పదిలో మిగిలిన అంకెలు మామూలుగా కూడాలి. రెండూ కలిపి, దానికి పదకొండో అంకె చేరిస్తే, వచ్చిన మొత్తం సున్నాతో ముగియాలి. ముగియలేదా, మీరు ఎక్కడో తప్పు రాశారన్నమాట. కంప్యూటరు కీచుమని అరిచి నంబరుని వెనక్కి తోసేస్తుంది.

ఏ ఒక్క అంకె తప్పు పడినా ఈ కాపలా పట్టుకుంటుంది. ఎంత దూరపు ఊళ్లో, ఎంత పెద్ద వానలో రాసినా సరే. ఇది నాకు ఎంత ముచ్చటగా అనిపించిందంటే, కంప్యూటరు దాకా వెళ్లకుండా పెట్టె పక్కనే నిలబడి కూడేసేదాన్ని. మొత్తం ఎనభై వస్తే ఎనభై, డెబ్భై వస్తే డెబ్భై. "సరిపోయింది" అని పైకే అనేదాన్ని. హమాలీలు నన్ను "సరిపోయిందమ్మ" అని పిలిచేవారని చాలాకాలం తర్వాత తెలిసింది.

మా పెద్ద గుమస్తాకి మాత్రం ఈ కాపలా అంటే గిట్టేది కాదు. ఆయన రిటైర్మెంటుకి దగ్గరలో ఉన్నారు. ఇస్త్రీ చొక్కా, చెవిలో పెన్సిలు, మధ్యాహ్నం పెరుగన్నంలోకి ఆవకాయ లేకపోతే ముద్ద దిగని మనిషి. ఆయన నమ్మేది తొమ్మిదినే. "రెండు లెక్కల్లో తేడా వచ్చిందనుకో. ఆ తేడా తొమ్మిదితో మిగుల్లేకుండా పోతే ఎవుడో అంకెలు అటూ ఇటూ రాశాడని ముందుగా అనుమానించాల. ఇరవై ఏడుని డెబ్భై రెండు రాస్తే తేడా నలభై ఐదు. యాభై రెండుని పాతిక రాస్తే తేడా ఇరవై ఏడు. ఏ రెండంకెలు తిరగేసినా తొమ్మిది గుణిజమే వస్తాది, సూసుకో" అనేవారు. కూరగాయల సంచిలో కూడా తొమ్మిది వెతికే రకం. నేను కంప్యూటరుని మెచ్చుకున్నప్పుడల్లా ఆయన ఒకే మాట అనేవారు.

"కుక్క ఉన్నాది గదా అని తలుపులు తీసి పడుకుంటావేటమ్మా? కుక్కకీ తెలిసినోళ్లుంటారు. ఆళ్లొస్తే మొరగదు."

ఆ మాట విని నవ్వి ఊరుకునేదాన్ని.

ఆ ఏడు వరి నాట్లు బాగా పడ్డాయి. వానలు కలిసొచ్చాయి. పిలకలు వేసే వేళకి యూరియాకి కరువొచ్చింది. రాజాం దుకాణాల ముందు "లేదు" అని అట్టముక్క మీద రాసి వేలాడదీశారు. అలాంటప్పుడు మా స్టేషనుకి యూరియా బండి వచ్చింది. షెడ్డు ముందు ట్రాక్టర్లు, లారీలు, టౌను వ్యాపారులు, రైతులు. బస్తాలు పంచే అధికారి ఏ పెట్టెలో సరుకు ఏ సొసైటీకో వరసగా రాసేసి ఇచ్చాడు. ఆఖరి పెట్టె ఒక పల్లె సొసైటీకి వచ్చింది. అయితే ఆ ఆఖరి పెట్టె మాత్రం బండితో రాలేదు. దారిలో ఇరుసు వేడెక్కితే బండి నుంచి విప్పేసి, రిపేరు లైనులో పెట్టారు. మా భాషలో దాన్ని సిక్కు పెట్టె, అంటే జబ్బు చేసిన పెట్టె, అంటారు. రెండు మూడు రోజుల్లో బాగుచేసి పంపుతామని కబురు వచ్చింది.

ఆ సొసైటీ పెద్ద ఒక రైతు. అరవై దాటిన మనిషి, మెడలో తువ్వాలు, చేతిలో చోడి అంబలి క్యారేజీ (రాగుల్ని మా వైపు చోళ్లంటారు). నేను మావా అని పిలిచేదాన్ని, ఆయన నన్ను గుమస్తమ్మా అనేవాడు. మొదటి రోజు పెట్టె రాలేదని చెబితే ఆయన ఏమీ అనుకోలేదు. రైలన్నాక ఆలస్యం కాకపోతే అది రైలేంటి అని నవ్వాడు. తర్వాత రోజూ రావడం మొదలుపెట్టాడు.

"ఏటమ్మా గుమస్తమ్మా, మా పెట్టె వచ్చిందేటి?"

"ఇంకా రాలేదు మావా."

"రాకపోతే ఎటెళ్లిపోతాది? పట్టాల మీదే గదా ఉంటాది. గట్టు దిగి సేలోకి ఎళ్లిపోదు గదా!"

నిజమే. రైలు పెట్టె పట్టాలు దాటి ఎక్కడికీ పోలేదు. కానీ కంట్రోలు ఆఫీసుకి ఫోను చేస్తే, "ఆ నంబరు ఇంకా రిపేరు లైన్లోనే చూపిస్తోంది" అనేవారు. రిపేరు లైనుకి ఫోను చేస్తే, "మేం ఎప్పుడో పంపేశాం, ఇక్కడ ఖాళీ పట్టాలున్నాయి, వచ్చి చూసుకోండి" అనేవారు. అటు అడిగితే ఇటు, ఇటు అడిగితే అటు. కంప్యూటరులో ఉన్నదే నిజం అని కంట్రోలువాడు, కళ్లముందు ఉన్నదే నిజం అని రిపేరువాడు. ఇద్దరిమధ్యా ఇంటంత పెట్టె మాయమైంది.

మావ పొద్దున్నే వచ్చి నన్ను అడిగి, నా ముఖం చూసి, జవాబు వినకుండానే వెళ్లి యార్డు చివర పక్కలైనులో నీడన కూర్చునేవాడు. ఆ లైనులో ఎవరికీ అక్కర్లేని ఖాళీ పెట్టెలు రెండు మూడు ఎప్పుడూ పడి ఉండేవి. దారి తప్పి వచ్చినవి, మరో బండికి తగిలించాల్సినవి. ఎవరైనా అడిగేదాకా అక్కడే ఎండకి ఎండేవి. వాటికి అవతలి పక్కంతా తుమ్మ కంపలు. ఇవతలి పక్క మాత్రం మధ్యాహ్నం దాకా మంచి నీడ. మావ అక్కడే అంబలి తాగి, అక్కడే తువ్వాలు పరుచుకుని, సాయంత్రం బస్సుకి వెళ్లిపోయేవాడు. నేను టీకి వెళ్తూ ఆయన్ని పలకరించేదాన్ని.

మొదట్లో సరదాగా మాట్లాడిన మనిషి రోజురోజుకీ మాట తగ్గించేశాడు. ఒకరోజు నేనే దగ్గరకెళ్లి అడిగాను.

"సేను పసుపెక్కిపోతన్నాదమ్మా" అన్నాడు. "ఇంకో వారం దాటితే యూరియా ఏసినా ఒకటే, ఎయ్యకపోయినా ఒకటే. అది సరే. ఊళ్లో ఏటంటన్నారో తెలుసా? బస్తాలు రాజాంలో దింపీసి అమ్మీసుకున్నాడంటన్నారు."

"ఎవరు మావా అలా అనేది?"

"ఎవుడో అయితే పోన్లే అనుకుందును. మా బావే అంటన్నాడు. సొంత బావ! నానేటి సెప్పగల్నమ్మా? గొర్రె పోనాదంటే నమ్ముతారు. ఎద్దు పోనాదంటే నమ్ముతారు. ఇంటంత రైలు పెట్టె పోనాదంటే ఎవుడు నమ్ముతాడు? నాకే నమ్మకం తగ్గిపోతన్నాది."

ఆ మాట నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి.

ఆ తర్వాతి రోజే అసలు రోజు. మావ పొద్దున్నే వచ్చి పెట్టె గురించి అడగలేదు. కిటికీ దగ్గర నిలబడి, "రేపు పొద్దుట ఊళ్లో కూకుంటన్నారమ్మా. నన్ను నిలబెట్టి అడుగుతారట. ఇయాల ఆఖరు. రేపట్నించి నాను రాను" అన్నాడు. అని ఎప్పటిలాగే పక్కలైను నీడకి వెళ్లిపోయాడు. ముప్ఫై ఏళ్లు సొసైటీ మోసిన మనిషిని ఊరు నడిబొడ్డున దొంగలా నిలబెడతారు. పెట్టె పోగొట్టింది రైలు, మాట పడుతున్నది ఆయన.

టిఫిను డబ్బా తెరవబుద్ధి కాలేదు. ఒక తెల్లకాగితం తీసుకుని, పోయిన పెట్టె నంబరు పెద్దగా రాసి ముందు పెట్టుకున్నాను.

31079482732.

నోటికి వచ్చేసిన నంబరే. మళ్లీ కూడాను. రెండో స్థానం నుంచి ఒకటి విడిచి ఒకటి: ఒకటి, ఏడు, నాలుగు, రెండు, మూడు. పదిహేడు. మూడింతలు యాభై ఒకటి. మిగిలినవి: మూడు, సున్నా, తొమ్మిది, ఎనిమిది, ఏడు. ఇరవై ఏడు. మొత్తం డెబ్భై ఎనిమిది. పదకొండో అంకె రెండు కలిపితే ఎనభై. సరిపోయింది.

అప్పుడు నాకు నేనే ఒక ప్రశ్న వేసుకున్నాను. రిపేరువాళ్లు అబద్ధం చెప్పడం లేదు, కంప్యూటరూ అబద్ధం చెప్పడం లేదు. అంటే పెట్టె బయల్దేరింది గానీ వేరే నంబరుతో బయల్దేరింది. ఎవరో తప్పు నంబరు ఎక్కించారు. అయితే కాపలా ఎందుకు అరవలేదు? ఒక్క అంకె తప్పయితే తప్పకుండా అరిచేది. అరవకుండా పోయే తప్పు ఏముంటుంది?

వెంటనే పెద్ద గుమస్తాగారి కుక్క గుర్తొచ్చింది. తెలిసినవాళ్లొస్తే మొరగదు.

మనుషులు ఎక్కువగా చేసే రెండో తప్పు పక్కపక్క అంకెలు తిరగేయడం. అలా చేస్తే ఏమవుతుంది? ఒక అంకె మామూలు స్థానంలోంచి మూడింతల స్థానంలోకి వెళుతుంది, రెండోది అక్కణ్నుంచి ఇటు వస్తుంది. చేత్తో వేసి చూశాను. మొత్తం మారేది ఆ రెండు అంకెల తేడాకి సరిగ్గా రెండింతలు. మొదటి జత మూడు, ఒకటి. తేడా రెండు, మొత్తం నాలుగు మారుతుంది, కాపలా అరుస్తుంది. ఒకటి, సున్నా. అరుస్తుంది. ఇలా ఒక్కో జతా దాటుకుంటూ వెళ్లాను. తేడా ఐదు ఉన్న జత దగ్గర మాత్రం మొత్తం పది మారుతుంది. పది మారితే చివరి సున్నా సున్నాలాగే ఉంటుంది. మన కాపలా చూసేది ఆ చివరి సున్నానే కదా! అరవదు.

ఐదు తేడా ఉన్న జతలు నా నంబరులో రెండే ఉన్నాయి. ఒకటి తొమ్మిది, నాలుగు. అది పెట్టె తయారైన సంవత్సరం. తిరగేస్తే నలభై తొమ్మిది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో ఇలాంటి పెట్టెలే లేవు. కొట్టేశాను. ఇంకోటి రెండు, ఏడు. తిరగేసి రాశాను.

31079487232.

అలవాటు చొప్పున కూడాను. ఒకటి, ఏడు, నాలుగు, ఏడు, మూడు: ఇరవై రెండు. మూడింతలు అరవై ఆరు. మిగిలినవి మూడు, సున్నా, తొమ్మిది, ఎనిమిది, రెండు: మళ్లీ ఇరవై రెండు. ఎనభై ఎనిమిది. రెండు కలిపితే తొంభై.

తొంభై అని పైకి అన్నానో లేదో, చెయ్యి ఆగిపోయింది. అటూ ఇరవై రెండు, ఇటూ ఇరవై రెండు, మొత్తం తొంభై. ఈ కూడిక నేను ఇదివరకే చేశాను. ఎక్కడో కూర్చుని లెక్కగా కాదు, నిలబడి, కొరికిన జామకాయ చేతిలో పెట్టుకుని. రెండు పక్కలా ఇరవై రెండు రావడం చూసి భలే ఉందే అని నవ్వుకుని, "సరిపోయింది" అనేసి టీకి వెళ్లిపోయాను.

పక్కలైనులో. మావ కూర్చునే పెట్టె.

పెద్ద గుమస్తాగారు అప్పుడే ఆవకాయ ముద్ద నోట్లో పెట్టుకోబోతున్నారు. కాగితం పట్టుకుని ఆయన ముందుకెళ్లి, గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పాను. ఆయన ముద్ద పళ్లెంలో పెట్టేశారు. ఎడమచేత్తో చెవిలో పెన్సిలు తీసి, పెద్ద నంబరులోంచి చిన్నది తీసివేశారు. నాలుగువేల ఐదువందలు. తొమ్మిదితో భాగించారు. ఐదువందలు, మిగులు లేదు.

"తొమ్మిదితో పోతన్నాది" అన్నారు మెల్లగా. నా లెక్క ఒక దారిలో, ఆయన లెక్క ఒక దారిలో వచ్చి ఒకచోట కలిశాయి. అంతవరకూ మా ఇద్దరికీ ఎప్పుడూ కుదరలేదు.

"అదే మన పెట్టె అంటారా?"

"లెక్క సగమే సెప్తాదమ్మా. మిగతా సగం కాళ్లు సెప్పాల. పద."

ఆయన చెయ్యి కడుక్కోలేదు. ఆవకాయ చేత్తోనే యార్డులోకి నడిచారు. వెనకాల నేను. దారిలో ఆయనే గుర్తుచేశారు, ఆ పెట్టెని ఒక గూడ్సు బండి వదిలి వెళ్లిన సంగతి. కంట్రోలుని అడిగితే, "ఆ నంబరు ఖాళీ పెట్టెది, దారి తప్పి వచ్చింది, పక్కన పెట్టండి" అన్నారట. పక్కన పెట్టారు. దానికి తగిలించిన చీటీ వానకి నాని ముద్దయిపోయి ఉండాలి. ఇప్పుడు కథగా వింటుంటే మీకు ఎప్పుడో తెలిసిపోయి ఉంటుంది. ఒక పెట్టె తగ్గింది, ఒక పెట్టె ఎక్కువైంది, రెండూ కలిపి చూడలేకపోయారా అంటారు. ఆ లైనులో అలాంటి అనాథలు ఎప్పుడూ ఉండేవని చెప్పాను కదా. పైగా నంబరు సరిపోయింది. నంబరు సరిపోయాక ఇంకేం చూస్తాం?

మావ ఆ పెట్టె నీడనే ఉన్నాడు. క్యారేజీ మూత తీసి అంబలి తాగుతున్నాడు. ఆయన తల మీద, తాజాగా కొట్టిన రంగు మీద, తెల్లగా మెరుస్తూ ఉంది: 31079487232. పెద్ద గుమస్తాగారు నంబరు చూడలేదు. వంగి చక్రాల దగ్గర చూశారు.

"అమ్మాయ్, ఖాళీ పెట్టెకి స్ప్రింగులు ఇలా నలిగిపోతాయేటి?"

నిజమే. బరువుకి స్ప్రింగులు అణిగిపోయి ఉన్నాయి. రోజూ ఇటే నడిచాం. అందరం పైన రాసిన నంబరు చదివాం గానీ కింద చక్రాల వైపు ఒక్కరమూ చూడలేదు.

"ఏటయినాది?" అన్నాడు మావ, క్యారేజీ పట్టుకునే లేచి.

కొత్తరంగు తగలని అవతలి పక్క పాత నంబరు ఉండాలని తట్టింది. రెండు పెట్టెల సందులోంచి అవతలికి దూరాను. తుమ్మ కంప చీర పట్టుకుంది, లాగితే పర్రున చిరిగింది. అదేమీ పట్టించుకోకుండా కొమ్మలు తప్పించి తలెత్తి చూశాను. ఇటు పక్క కొత్తరంగు లేదు. పాత తుప్పు, పాత మట్టి, దాని మీద వెలిసిపోయిన అక్షరాలు. నేను వేలితో గాల్లో రాస్తూ ఒక్కో అంకే చదివాను. మూడు, ఒకటి, సున్నా, ఏడు, తొమ్మిది, నాలుగు, ఎనిమిది, రెండు, ఏడు, మూడు, రెండు.

"ఇదే సార్!" అని అరిచాను. "ఇదే మావా, ఇదే మీ పెట్టె!"

ఏడ్చేశానని ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. ఉద్యోగంలో అంత సంతోషం నాకు మళ్లీ ఎప్పుడూ కలగలేదు. ప్రమోషను వచ్చినరోజు కూడా.

జరిగింది తర్వాత తెలిసింది. రిపేరు లైనులో ఇరుసు బాగుచేస్తూ, ఒక పక్క రేకుకి తుప్పు చిల్లు పడిందని చూశారు. వాన నీళ్లు లోపలికి వెళ్తే బస్తాలు కరిగిపోతాయి కదా. పాపం, మంచిపనే చేశారు. అతుకు వేసి, రంగు కొట్టి, నంబరు మళ్లీ రాశారు. రాసినతను రెండునీ ఏడునీ తిరగేశాడు. అక్కణ్నుంచి ఆ పెట్టెకి అటు ఒక పేరు, ఇటు ఒక పేరు. అక్కడ బండి పక్కన నడిచిన గుమస్తా కనబడింది రాశాడు, కంప్యూటరు కూడి చూసి సరే అంది. తొంభై కూడా సున్నాతోనే ముగుస్తుంది మరి. ఆ తప్పు నంబరుతో నిజంగానే ఒక ఖాళీ పెట్టె దేశంలో ఎక్కడో తిరుగుతోంది, అందుకే కంట్రోలుకి అనుమానం రాలేదు.

మావ అటు వచ్చి ఆ వెలిసిపోయిన నంబరు ముందు నిలబడ్డాడు. చదువుకున్న మనిషే, పెదాలు కదుపుతూ చదివాడు. ఇవతలికి వచ్చి ఇదీ చదివాడు. తర్వాత పెట్టె రేకు మీద అరచేత్తో రెండుసార్లు కొట్టాడు, ఎద్దు వీపు మీద కొట్టినట్టు.

"ఓలమ్మ! ఇన్నాళ్లూ నీడిచ్చావు గానీ, నోరిప్పి ఒక్క మాట సెప్పలేకపోనావేటే!"

ముగ్గురం పగలబడి నవ్వాం. పెద్ద గుమస్తాగారికి ఆవకాయ చెయ్యి కంట్లో తగిలి ఇంకో రకం కన్నీళ్లు కూడా వచ్చాయి.

పెట్టెని వెంటనే షెడ్డులోకి లాగిస్తామని ఆయన ఇంజను కోసం ఫోను చేయబోతే మావ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"కదపొద్దు బాబూ. రేపు పొద్దుట దాకా ఇక్కడే ఉండనీ. మా ఊరోళ్లు రేపు ఊళ్లో కూకోరు, ఇక్కడ కూకుంటారు."

రైల్వేలో ఇలాంటి కోరికలకి రూలు ఉండదు. పెద్ద గుమస్తాగారు కాసేపు ఆకాశం వైపు చూసి, "ఇంజను పొద్దుట గానీ దొరకదులే" అన్నారు. ఇంజను ఆ సాయంత్రమే దొరికేదని నాకు తెలుసు.

మర్నాడు ట్రాక్టర్లలో వచ్చారు. ఊరంతా అనను గానీ ఊరిలో నోరున్నవాళ్లంతా వచ్చారు. ముందు ట్రాక్టరులో మావగారి బావ, మీసం మెలేసుకుని, ఎవరి మీదో కేసు గెలిచి వస్తున్నట్టు. మావ తువ్వాలు తలకి చుట్టుకుని, కంపలు కొట్టించి దారి చేసి ఉంచాడు. మొదటి నంబరు ముందు నిలబెట్టి చదవమన్నాడు. చదివారు. అవతలికి తీసుకెళ్లి చదవమన్నాడు. చదివారు. కొందరికి అర్థం కాలేదు, మళ్లీ ఇవతలికి వచ్చారు. అటు పోయేవాళ్లు, ఇటు వచ్చేవాళ్లు, మధ్యలో పిల్లల్ని చంకనేసుకున్న ఆడవాళ్లు, అందరూ ఆ పెట్టె చుట్టూ తిరుగుతున్నారు. ఒక ముసలమ్మ అయితే మూడుసార్లు చుట్టి వచ్చి చేతులు జోడించింది. "అమ్మా, అది దేవుడు కాదు, రైలు పెట్టె" అని ఎవరో అంటే, "బస్తాలు తెచ్చినాది గదా, దండం పెడితే నీకేటి పోనాది?" అని కసిరింది.

మావగారి బావ రెండుసార్లు తిరిగాడు. రెండోసారి వేలు పెట్టి అంకెలు లెక్కపెట్టుకుంటూ తిరిగాడు. తిరిగి వచ్చి తల దించుకుని నిలబడ్డాడు. మీసం మీంచి చెయ్యి ఎప్పుడో తీసేశాడు.

మావ ఆయన ముందుకి వెళ్లాడు. తిడతాడేమో అనుకున్నాను. అన్ని రోజులు మాట పడిన మనిషి, అనడానికి హక్కుంది. మావ ఒకసారి నా వైపు చూసి కళ్లతో నవ్వి, బావని అడిగాడు.

"సరిపోనాదా?"

"సరిపోనాది బావా" అన్నాడాయన. "తప్పయిపోనాది."

"సాల్లే. బస్తా పట్టు."

కంపల వైపు తలుపుకున్న సీలు తీశారు. మొదటి బస్తా ఆ బావే భుజాన వేసుకున్నాడు.

నెల తర్వాత మావ నన్నూ పెద్ద గుమస్తాగారినీ పొలానికి పిలిచాడు. అంత నల్లటి పచ్చదనం నేను మళ్లీ చూడలేదు. గట్టు మీద కూర్చోబెట్టి చోడి అంబలి పోశాడు. ఆయన బావ పక్కనే కూర్చుని ఉల్లిపాయలు అందించాడు. పెద్ద గుమస్తాగారు రిటైరు అయ్యేరోజు నాకు ఆయన చెవిలో పెన్సిలు ఇచ్చి వెళ్లారు. "కుక్కని పెంచుకో గానీ గడియ కూడా ఏసుకో" అన్నారు.

ఇదండీ నా గేటు పిచ్చి వెనక కథ. మొన్న కూడా గేటు పడింది. యూరియా బండో, బియ్యం బండో తెలియదు, మెల్లగా పోయింది. ఆఖరి పెట్టె దాకా కూడాను. బండి పోయాక గేటుకి అవతల మోటారుసైకిలు మీద ఒక కుర్రాడు కనబడ్డాడు. మనసు ఆగలేదు. గేటు లేస్తుండగా కేకేశాను.

"బాబూ, ఆఖరి పెట్టెకి మీ వైపు నంబరు ఎంత ఉంది?"

"ఏటి మామ్మా? నంబరేటి? నాను ఫోన్లో ఉన్నాను" అన్నాడు, నన్ను ఎగాదిగా చూస్తూ.

మా ఆయన స్కూటరు మీద నవ్వుతున్నాడు. నేను వెళ్లి ఎక్కి కూర్చున్నాను.

"సరిపోయిందా?" అని అడిగాడు.

"నా వైపు నుంచి సరిపోయింది" అన్నాను.